ఎనిమిది ఉండల స్వెట్టర్

గుంటూరులో మే నెలలో స్వెట్టర్ వేసుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. నేను వేసుకున్నాను. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకునే ఎండల్లో, సంచిలోంచి స్వెట్టర్ తీసి తొడుక్కుని పనిలోకి వెళ్ళేదాన్ని. నా పని మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో.

ఎండుమిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు, రంగు చెడకుండా నెలల తరబడి అక్కడ నిలవుంటాయి. కిటికీలు లేని పెద్ద పెద్ద గదులు. వాటిని ఛాంబర్లంటారు. ఒక్కో ఛాంబర్లో చెక్క అరల మీద కప్పు దాకా టిక్కీలే. లోపల మంచినీళ్ళ సీసా పెట్టి మరిచిపోతే, తర్వాత ఆ నీళ్ళు తాగినప్పుడు పళ్ళు జివ్వుమంటాయి. టిక్కీలకి కట్టిన చీటీలు సరిగా ఉన్నాయా, ఎక్కడైనా తేమ తగిలిందా, సంచి చిరిగిందా అని చూసి రావడం నా ఉద్యోగం. రోజుకి నాలుగైదు సార్లు లోపలికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడల్లా ముప్పావుగంట పడుతుంది.

లోపల నాతోపాటు ఇంకో ఆడమనిషి ఉండేది. చిరిగిన సంచులు కుట్టి, కింద రాలిన కాయలు ఊడ్చి ఎత్తేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె చలికి ఒక పాత గోనెసంచిని నిలువునా చీల్చి వీపుకి కట్టుకునేది. ఆ గోనెలో మిరప దుమ్ము. మెడంతా ఎర్రగా కందిపోయి ఉండేది.

సూపర్‌వైజర్లు ముగ్గురూ మగవాళ్ళు. ముగ్గురికీ కంపెనీ జాకెట్లిచ్చింది. లోపల దూది ఉన్న మందపాటి జాకెట్లు. చేరిన నెలకే మేనేజర్ గదికి వెళ్ళి అడిగాను.

"సార్, మా ఇద్దరికీ కూడా జాకెట్లు ఇప్పించండి."

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "మీరు లోపల ఉండేది ఎంతసేపమ్మా? వాళ్ళకి డ్యూటీ అక్కడే."

"అక్క పొద్దుణ్ణించి సాయంత్రం దాకా లోపలే ఉంటుంది సార్."

"ఆడవాళ్ళకి చీర ఉంటుంది కదా, పైన చున్నీయో శాలువానో కప్పుకోండి. బయట జనం చల్లగాలి లేక చచ్చిపోతున్నారు, మీకేమో ఉచితంగా ఏసీ." ఆ మాటకి ఆయనే నవ్వుకున్నాడు. పక్కనున్న సూపర్‌వైజరు కూడా నవ్వాడు, జాకెట్ వేసుకునే.

ఆ నవ్వు నాకు ఈ రోజుకీ గుర్తే. గట్టిగా తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో.

మొదట ఆన్‌లైన్లో ఒక స్వెట్టర్ తెప్పించాను. చూడ్డానికి బాగుంది. వేసుకుంటే చేతులు పొడుగు, ఛాతీ దగ్గర బిగుతు. అరల మధ్య నడుస్తుంటే చెక్కకున్న మేకులకి తగులుకునేది. అన్నిటికంటే ఘోరం దాని నూగు. మిరప దుమ్మంతా దాంట్లో ఇరుక్కుంది. రెండు రోజులకే మెడ చుట్టూ మంట. ఉతికితే ఆ నీళ్ళకి చేతులు కూడా మండాయి. దాన్ని తీసి ఇంట్లో పాత బట్టల్లో పడేసి, నాకు నేనే అల్లుకుంటానని మా ఆయనతో అన్నాను. ఆటో తుడుస్తున్నవాడు ఆగి, "నీకు అల్లడం వచ్చా?" అన్నాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. నాకు వచ్చని ఆయనకి తెలియదు. తెలిసే అవసరం నేనూ ఎప్పుడూ కల్పించలేదు.

నేను పుట్టింది పొదిలి దగ్గర. అమ్మ పత్తి ఏరే కూలీ. ఆరో తరగతి నుంచి మిషన్ హాస్టల్లో ఉండి చదివాను. అక్కడ వార్డెనమ్మ ఆడపిల్లలందరికీ అల్లిక నేర్పింది. సూదులు లేకపోతే సైకిల్ చువ్వలు అరగదీసి ఇచ్చేది. మేం అల్లిన టోపీలూ మేజోళ్ళూ ఆస్పత్రిలో పుట్టిన పిల్లలకి వెళ్ళేవి. ఆ అయిదేళ్ళలో ఎన్నో టోపీలు అల్లాను. ఎవరికి వాళ్ళు ఏదైనా అల్లుకోవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. కోపంగా ఉన్నప్పుడు సూదులు పట్టుకోవద్దని, కుట్టు బిగుస్తుందని వార్డెనమ్మ అనేది.

ఊలు కోసం బ్రాడీపేటంతా తిరిగాను. ఈ చివర నుంచి ఆ చివరకి కోచింగ్ సెంటర్లు, ఆస్పత్రులు, బట్టల షాపులు. ఊలు అంటే షాపు వాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు. నాకు ఒళ్ళు మండింది. చుట్టూ ఏ రోడ్డు పట్టుకున్నా పత్తి చేలే. జిన్నింగ్ మిల్లులు, నూలు మిల్లులు, లారీలకి లారీలు బేళ్ళు. మా అమ్మ వేళ్ళ సందుల్లో పత్తికాయ డిప్పలు గీరిన గీతలు చనిపోయే దాకా ఉన్నాయి. ఇంత పత్తి పండే నేల మీద ఒక ఆడది తన ఒంటికి సరిపడా అల్లుకుందామంటే ఉండ దారం దొరకదు.

చివరికి ఎంబ్రాయిడరీ సామాను అమ్మే చిన్న షాపులో పెద్దాయన ఒకాయన అటక మీంచి అట్టపెట్టె దించాడు. అందులో మెరూన్ రంగు ఊలు. నూగు లేని నున్నటి రకం. ఎనిమిది ఉండలు.

"ఇవేనమ్మా. ఈ రకం రావడం మానేసి చాలా కాలమైంది. అయిపోతే మళ్ళీ దొరకదు."

"మనిషికి ఒక స్వెట్టర్ అవుతుందంటారా?"

"చేతులు లేకుండా అయితే అవుతుందేమో."

ఎనిమిదీ తీసుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, వంటింటి కాటా మీద ఉండలన్నీ తూచాను. తర్వాత నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క ఒకటి అల్లి, అందులో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పట్టాయో రాసుకుని, ఆ ముక్క విప్పేసి ఊలు మళ్ళీ ఉండకి చుట్టాను. ఎంత చిన్న ముక్కయినా పారేసే పరిస్థితి లేదు.

మర్నాడు ఛాంబర్లో ఊరికే నిలబడి, చలి నాకు ఎక్కడ తగులుతోందో చూసుకున్నాను. మొదట మెడ వెనక. తర్వాత నడుం వీపు కలిసేచోట. తర్వాత మోచేతుల పైన. పొట్ట దగ్గర చీర కుచ్చిళ్ళున్నాయి, అక్కడ అంతగా తెలియదు. హాస్టల్లో నేర్పింది కింది అంచు నుంచి పైకి అల్లడం. అలా మొదలుపెడితే ఊలు ఎక్కడ అయిపోతుందో తెలియదు. సగం వీపు, మొత్తం మెడ లేకుండా పోవచ్చు. అందుకే తిరగేశాను. భుజాల దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. ముందు వీపు భాగం, ఊలులో దాదాపు సగం దానికే. తర్వాత మోచేతుల దాకా చేతులు. మిగిలినదానితో ముందు వైపు రెండు పలకలు. ఎంత వరకు వస్తే అంత. ఇవన్నీ ఒక పాత క్యాలెండరు వెనక గీసుకున్నాను. నాకెవరూ చూపించలేదు. బొమ్మ పూర్తయ్యాక దాన్ని చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. నా భుజం కొలత, నా నడుం కొలత ఒక కాగితం మీద ఉండడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అల్లేదాన్ని. అక్క పక్కన కూర్చుని చూసేది. ముఠా కూలీలు టిక్కీలు దించి వచ్చి, "ఏం మేడమ్, మనవడా?" అనేవాళ్ళు. నాకు నలభై రెండేళ్ళు. అల్లేది ఎవరికో పుట్టబోయే బిడ్డకే అయ్యుండాలి వాళ్ళ లెక్కలో. "నాకే," అనేదాన్ని. నాకే అన్నప్పుడల్లా వాళ్ళ మొహాల్లో ఒకలాంటి ఇబ్బంది, నేనేదో దాచిపెట్టుకుని తింటూ దొరికిపోయినట్టు.

వార్డెనమ్మ చెప్పింది నిజమే. మేనేజరు నవ్వు గుర్తొచ్చిన రోజున కుట్టు బిగిసేది. వీపు రెండు జానలు దిగాక కొలిచి చూస్తే, అనుకున్నదానికంటే సన్నగా వచ్చింది. అలా వదిలేస్తే పక్కలు కలవవు. జాన మేర విప్పేశాను. అంత విప్పినప్పుడు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీద కూడా కోపమొచ్చింది. మళ్ళీ అల్లాను, ఈసారి మనసు ఎక్కడో పెట్టుకుని, చెయ్యి వదులు చేసి.

వీపు బాగా వచ్చింది. చేతులూ వచ్చాయి. ముందు పలకలు రెండూ నాలుగు వేళ్ళ మేర తక్కువ పడ్డాయి. మూర ఊలు కూడా మిగల్లేదు.

అక్క అది చూసి, తన డబ్బాలోంచి సంచులు కుట్టగా మిగిలిన నూలు దారం ముక్కలు తీసింది. తెల్లవి. కండె చివర మిగిలే ఆ ముక్కలు సూదికి అందవని చెత్తలోకే పోతాయి.

"నాలుగు పోగులు కలిపి పేను పిల్లా, నీ ఊలంత లావొస్తుంది," అంది.

ఇద్దరం కూర్చుని పేనాం. మెరూన్ స్వెట్టరుకి ముందు వైపు కింద తెల్లటి పట్టీ వచ్చింది. కావాలని పెట్టుకున్నట్టే ఉంది. మొదటిసారి వేసుకుని ఛాంబర్లోకి వెళ్ళినప్పుడు నడుం దగ్గర చలి తగల్లేదు. చేతులు మేకులకి తగుల్లేదు. అక్క నా వీపు మీద అరచెయ్యి పెట్టి చూసింది. "వెచ్చగుంది," అంది. వెంటనే చెయ్యి తీసేసింది. ఆమె గోనె ఆమెకి అలాగే ఉంది. ఆమెకి అల్లడానికి ఊరంతా వెతికినా అలాంటి ఊలు లేదు. నాకు సిగ్గేసింది. సిగ్గుపడాల్సింది నేను కాదన్న సంగతి ఇంటికి వెళ్ళే దారిలో గానీ తట్టలేదు.

పది రోజులకి మేనేజరు నన్ను పిలిచాడు. ఎప్పుడూ లేనిది కూర్చోమన్నాడు.

"రేపు సరుకు కొనే కంపెనీ వాళ్ళు వస్తున్నారమ్మా. సరుకుతో పాటు పనివాళ్ళని ఎలా చూస్తున్నామో కూడా చూస్తారట. మీరు ఆ స్వెట్టరు వేసుకుని ముందు నిలబడండి. అడిగితే కంపెనీ ఇచ్చిందని చెప్పండి."

"అక్కకి లేదు కదా సార్."

"ఆమెకి రేపు సెలవిచ్చేద్దాం."

నేను సరే అనలేదు, కాదనలేదు. లేచి వచ్చేశాను. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ, చెప్పాల్సిన మాటలన్నీ మనసులో ఆయనకి చెబుతూనే ఉన్నాను. పక్కనున్నావిడ "ఏమైందండీ?" అని అడిగింది. నా పెదాలు కదులుతున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు నలుగురొచ్చారు. వాళ్ళలో ఒకావిడ తెలుగావిడే. ఛాంబర్ తలుపు దగ్గర మేనేజరు చెయ్యి నా వైపు చాపి, ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. స్వెట్టరు మాట, కంపెనీ మాట నాకు అర్థమయ్యాయి. ఆవిడ నన్ను చూసి, "చాలా బాగుందండీ, అందరికీ ఇచ్చారా?" అని తెలుగులో అడిగింది.

"ఇది నేను అల్లుకున్నానండి," అన్నాను. "ఊలు నేనే కొనుక్కున్నాను. ఇక్కడ ఆడవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. నాతో పనిచేసే ఆమె గోనెసంచి కట్టుకుంటుంది. మీరు వస్తున్నారని ఇవాళ ఆమెని రావద్దన్నారు."

స్వెట్టరు విప్పి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ మెడ దగ్గర తిప్పి చూసింది. ఏ కంపెనీ గుర్తూ లేదు. నేను ఒట్టి చీరా రవికెతో ఆ తలుపు దగ్గర వణుకుతూ నిలబడ్డాను. ఆవిడ స్వెట్టరు తిరిగిచ్చి, మేనేజరు వైపు చూసింది. ఆయన మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. ఆ క్షణం సంతోషం కలిగిందని అబద్ధం చెప్పను. చలేసింది, అంతే.

వాళ్ళు వెళ్ళాక పిలుపొచ్చింది. ఈసారి కూర్చోమనలేదు.

"అన్నం పెట్టే చోట ఇలాగేనా చేసేది?"

"నేను ఉన్నదే చెప్పాను సార్."

ఆయన స్వెట్టరు కింది అంచుకేసి వేలు చూపించాడు. "ఆ తెల్లదారం ఎక్కడిది? మన సంచుల దారమే కదా? కంపెనీ సొత్తు వాడుకున్నావు. నేను తలుచుకుంటే దొంగతనం కింద రాయొచ్చు."

చెత్తలోకి పోయే ముక్కలు. ఆ మాట చెప్పాలనిపించలేదు. ఆయన టేబుల్ మీదున్న కత్తెర తీసుకున్నాను. ఆయన వెనక్కి జరిగాడు. స్వెట్టరు విప్పి, పక్క కుట్టు కత్తిరించి, తెల్లదారం కొస పట్టుకుని లాగాను. వరస తర్వాత వరస ఊడి వచ్చింది. రెండు పలకలవీ లాగేసి, ఆ దారమంతా ఆయన ఫైళ్ళ మీద కుప్ప పోశాను. తెరిచి ఉన్న మెరూన్ కుట్లు జారిపోకుండా సంచిలో ఉన్న సూదులకి ఎక్కించుకున్నాను.

"మీ దారం మీకిచ్చేశాను సార్," అని చెప్పి వచ్చేశాను.

ఉద్యోగం తీసెయ్యలేదు. కొనేవాళ్ళు మళ్ళీ వస్తారని భయం కాబోలు. నన్ను గేటు దగ్గరికి మార్చారు. రేకుల కింద, లారీల దుమ్ములో, లోపలికొచ్చే టిక్కీలకి చీటీలు కట్టడం. చలి గురించి అడిగింది కాబట్టి ఎండలో పెట్టారని ముఠా కూలీలు నవ్వారు. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు.

నెలన్నర తర్వాత ఆడవాళ్ళకి కూడా జాకెట్లొచ్చాయి. అన్నీ మగవాళ్ళ కొలతలే. అక్కకి మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు రెండు మడతలు పెట్టుకుంది. మెడ మీద కందిన మచ్చలు కొన్నాళ్ళకి తగ్గాయి. నన్ను చూసినప్పుడల్లా, "నీవల్లే వచ్చింది పిల్లా," అంటుంది. నావల్ల రావాల్సిన అవసరమేంటని నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు.

జాకెట్లు ఇచ్చిన రోజున ఆఫీసు ముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీశారు. మేనేజరు మధ్యలో నిలబడ్డాడు. నన్నూ రమ్మని మనిషిని పంపాడు. లారీ వచ్చింది, చీటీలు కట్టాలని చెప్పించాను. లారీ నిజంగానే వచ్చింది. రాకపోయినా వెళ్ళేదాన్ని కాదు.