ముళ్లు తీసిన చేప

కృపాబాయి ముళ్లు తీసి పెడితే చేప వద్దన్న మనిషి కెనడాలోని గ్వెల్ఫ్‌లో లేడు. కొడుకు డేవిడ్‌సన్‌కైతే హైస్కూల్‌కు వెళ్లేదాకా తీసి పెట్టింది. ఫలితం, రిచ్‌మండ్ హిల్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఆ అబ్బాయి ఇప్పుడు ముళ్లు లేకుండా కోసిన ఫిల్లే ముక్కలు తప్ప చేప ముట్టడు.

ఈ అలవాటు నర్సాపురంలో అమ్మమ్మ నుంచి వచ్చింది. బొచ్చె చేప పులుసు వండిన రోజున ఆవిడ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వేళ్లతో తడిమి తడిమి ముళ్లు ఏరి, ముద్ద నోట్లో పెట్టేది. ఆ పులుసు వేళ్ల వాసన కృపాబాయికి ఇప్పటికీ గుర్తే. ప్రేమంటే ముళ్లు తీయడమేనని ఆమె నమ్మకం.

ఆ నమ్మకమే కొంప ముంచబోయింది.

రిటైరయ్యాక ఆమె ఊరి చివర పాములనూ తాబేళ్లనూ చేరదీసే షెల్టర్‌లో వాలంటీరుగా చేరింది. అక్కడికి ఎలిగేటర్ జాతి మొసలి పిల్ల ఒకటి వచ్చింది. ఎవరో బేస్‌మెంట్‌లో బోన్‌లెస్ చికెన్ పెట్టి పెంచి వదిలేశారు. దాని దవడ రబ్బరులా మెత్తబడింది. ఎముకలున్న తిండికి అలవాటు పడితేనే బతుకుతుందని అక్కడి జంతువుల డాక్టర్ అబిగేల్ చెప్పింది. మేపే పని కృపాబాయిది.

చిన్న చేపను అందిస్తే అది మొహం తిప్పుకుంది. మర్నాడూ అంతే. కృపాబాయి ప్రాణం ఉసూరుమంది. వెనక గదిలోకి వెళ్లి, ముళ్లన్నీ ఏరి, ముద్ద చేసి పటకారుతో పెట్టింది. అది గుటుక్కున మింగింది. ఆమె మురిసిపోయి రోజూ అదే పని చేసింది.

నెల తిరిగేసరికి ఎక్స్-రేలో దవడ ఇంకా పాడైంది. అబిగేల్ చెత్తబుట్ట చూసింది.

"ఆంటీ, ఈ బోన్స్ ఏంటి?"

"గొంతులో గుచ్చుకుంటాయని తీసేశానమ్మా."

"అడవిలో దీనికెవరు తీసి పెడతారు ఆంటీ? చిన్నప్పుడు పురుగులు, నత్తలు, కప్పలు తింటుంది. పెద్దయ్యాక తాబేల్ని డొప్పతో సహా నమిలేస్తుంది. పక్షిని ఈకలతో మింగేస్తుంది. ఆ ఎముకలన్నీ కడుపులో కరిగి దీని దవడకు బలమిస్తాయి. మీరు పారేసిందే దీని మందు."

కృపాబాయి చెత్తబుట్టలోని ముళ్లకేసి చూసింది. తన చేత్తోనే దాన్ని చంపుకోబోయింది.

ఆనాటి నుంచి చేపను ముళ్లతో సహా పెట్టింది. అది మొహం తిప్పుకున్నప్పుడల్లా ఆమె వేళ్లు ఊరుకోలేకపోయేవి. చేతులు కట్టుకుని కూర్చునేది. చివరికి ఒక ఉదయం ఆకలి గెలిచింది. మొసలి తల ఎత్తి, చేపను తోకతో సహా మింగింది. కృపాబాయి కళ్లు తుడుచుకుంది.

శనివారం డేవిడ్‌సన్ ఇంటికొచ్చాడు. పళ్లెంలో పులుసు ముక్క చూసి అన్నాడు, "మామ్, ఇందులో బోన్స్ ఉన్నాయి."

"ఉంటాయి నాన్నా. చూసుకుని తిను."

అతను మెల్లగా ఒక ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. తర్వాత ఇంకొకటి. కృపాబాయి రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని, అమ్మమ్మను తలచుకుంటూ కూర్చుంది.

కాసేపటికి అతను పళ్లెం ముందుకు జరిపాడు. "ఇంకో ముక్క వెయ్యమ్మా."