ఆర్డిస్ వాయించిన వేగం

ఆ రికార్డు సంగతి ఎత్తనంతవరకు ఆర్డిస్ పావ్లాక్ అంత మంచి మనిషి కార్ల కర్మాగారాల ఊరు హామ్‌ట్రామిక్‌లో ఉండదు. ఎత్తారంటే మాత్రం ఇరవై ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్న మనిషికి నోటికి బ్రేకులు ఉండవు. "ఆ చేతులు నావే, ఆ కర్రలు నావే, ఆ పరుగు మాత్రం నాది కాదు" అంటుంది. వినేవాళ్ళు తలూపి పక్కకు తప్పుకుంటారు. పేరొచ్చినందుకు ఏడ్చే మనిషిని ఎక్కడా చూడలేదని వెనకాల అనుకుంటారు. వాళ్ళనీ తప్పుపట్టలేం.

అసలు గొడవంతా ఆర్డిస్ తండ్రి స్టాష్‌తో మొదలైంది. పగలు కార్ల కర్మాగారంలో పని, శనివారం వస్తే పెళ్ళి హాళ్ళలో అకార్డియన్. డ్రమ్ములు వాయించేవాడు తాగి మానేస్తే, పన్నెండేళ్ళ కూతుర్ని తీసుకెళ్ళి ఆ స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇక ప్రతి శనివారం పోల్కాలే. పోల్కా డాన్సు అంటే పరుగు. పెళ్ళికొడుకు తాతగారు ఊపిరందక కుర్చీలో కూలబడేదాకా వాయించాలి, ఆయన లేస్తే మళ్ళీ వాయించాలి. "ఇంకా జోరు, ఇంకా జోరు" అని తండ్రి భుజం మీదుగా అరుస్తుండేవాడు. పదిహేడో ఏడు వచ్చేసరికి ఆ పిల్లకు జోరు అనే మాట వింటేనే చెవులు మూసుకునేది.

అప్పుడు మొదలెట్టారు, ఇంటి వెనక సందులోని గరాజులో, మడ్ లాంటర్న్స్ అనే బ్యాండు. అన్న నార్బర్ట్ గిటారు పట్టుకుని పాడేవాడు. ఎదురింటి చెట్ బియాలెక్ బేస్ గిటారు వాయించేవాడు, అంటే వాయిస్తున్నాననుకునేవాడు. ఆ సంవత్సరం, అంటే అరవై ఆరులో, ప్రతి సందులోనూ ఒక గరాజు, ప్రతి గరాజులోనూ ఇలాంటి ముగ్గురో నలుగురో ఉండేవారు. అందరికీ వచ్చింది మూడు స్వరాలు, ఉన్నది ఒకటే కోపం. అందరూ ఆ కోపాన్ని పరిగెత్తించారు. ఆర్డిస్ ఒక్కతే పట్టి ఆపింది.

వాళ్ళ సొంత పాట పేరు 'మా వీధికి రాకు'. అందులో ప్రతి దెబ్బా పడుతుందనుకున్న చోట పడకుండా ఒక్క రవ్వ ఆలస్యంగా పడుతుంది. నార్బర్ట్ తల పట్టుకునేవాడు.

"నిద్రపోతున్నావటే?" అని అరిచేవాడు.

"నిద్ర కాదు, కోపం. నిజంగా కోపమొచ్చినవాడు పరిగెత్తుకు రాడ్రా అన్నయ్యా. మెల్లగా నడిచొస్తాడు. వాణ్ణి చూస్తేనే భయమేస్తుంది."

నార్బర్ట్ గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. ఫర్నిచర్ కొట్టు వెనకాల ఒకాయన నడిపే చిన్న స్టూడియోలో ఆ పాట చిన్న రికార్డుగా చేయించారు. చర్చి హాలు డాన్సుల్లో కొన్ని అమ్ముడుపోయాయి. మిగతావి అటకెక్కాయి. చెట్‌ను సైన్యం తీసుకుపోయింది. నార్బర్ట్‌ను కర్మాగారం తీసుకుపోయింది. ఆర్డిస్ పెళ్ళి చేసుకుంది, విడాకులు తీసుకుంది, బస్సెక్కింది. డ్రమ్ములు నేలమాళిగలో దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. ఆ సంగతి అక్కడితో అయిపోయి ఉంటే ఆమెకు బీపీ మాత్రలు అక్కరలేకపోయేవి.

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం చెట్ ఒక పెద్ద రికార్డు ఊపుకుంటూ వచ్చి నార్బర్ట్ వంటింటి బల్ల మీద పడేశాడు. అట్ట మీద పళ్ళు బయటపెట్టిన రాక్షసుడు కారు ఇంజను నములుతున్నాడు. పేరు 'తుప్పు పట్టిన గరాజులు, మూడో భాగం'. ఊరూపేరూ లేకుండా పోయిన పదహారు బ్యాండ్ల పాటలు ఒక్కచోట చేర్చారు. ఇలాంటివి చేసేవాళ్ళు కొందరున్నారు. పాతసామాన్ల కొట్లలో మోకాళ్ళ మీద కూర్చుని దుమ్ము పీలుస్తూ, ఎవరికీ అక్కరలేని చిన్న రికార్డులు ఏరి, గీతలు పడ్డవాటినే కళ్ళకద్దుకుని ఇలా సంకలనాలు వేస్తారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. రెండో వైపు మూడో పాట మడ్ లాంటర్న్స్‌ది. అట్ట వెనక రాశారు: 'ఈ డ్రమ్మరెవరో పచ్చిమాంసం తిని పెరిగిన కుర్రాడై ఉండాలి.'

ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని విన్నారు. నాలుగు దెబ్బలు పడేసరికి ఆర్డిస్ మొహం మాడిపోయింది.

"ఇదేంట్రా, పోల్కానా?"

"ష్, ఉండవే! నా గొంతు చూడు, ఎంత లేతగా ఉందో!" నార్బర్ట్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నీ గొంతెప్పుడు లేతగా ఉంది? పదహారేళ్ళకే గేదె గొంతు నీది. పాటని జోరుగా తిప్పారు, అందుకే గొంతు సన్నబడింది. వినబడట్లేదా?"

"బాగానే ఉంది కదే. అదిరిపోయింది" అన్నాడు చెట్.

ఆ సంకలనం చేసినవాడి పేరు గ్లెన్ హార్ట్‌సాక్. పక్క పేటలోనే పాత రికార్డుల కొట్టు. కబురు పంపితే ఆ ఆదివారమే నార్బర్ట్ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, మందపాటి కళ్ళద్దాలు. డ్రమ్మరు కుర్రాడు కాదనీ, చేతిలో సూపు గిన్నెతో ఎదురుగా నిలబడ్డ ఈవిడేననీ తెలిసి కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూశాడు. తర్వాత ఆమె అడగాల్సింది అడిగింది. అతను దాచలేదు, పైగా గర్వంగా చెప్పాడు.

"పాట వేగం నేనే సరిచేశానండి."

"సరిచేశావా? ఏం తప్పుందని?"

"మీ చిన్న రికార్డులో పాట నీరసంగా ఉందండి. ఆ రోజుల్లో చిన్న స్టూడియోల టేపు మిషన్లు సరిగ్గా తిరిగేవి కావు. మాలాంటివాళ్ళం వింటే పట్టేస్తాం. ఆ వయసులో, అంత కోపంలో ఉన్న పిల్లలు అంత నెమ్మదిగా వాయించరు. కాబట్టి మిషనుదే తప్పు."

తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగడడమంటే ఇదే. ఆర్డిస్ సూపు గిన్నె బల్ల మీద పెట్టింది, కొంత ఒలికింది.

"నాయనా, ఆ గదిలో నేనున్నాను. నువ్వు అప్పటికి నిక్కర్లో ఉన్నావు. నెమ్మదిగానే వాయించాను, కావాలనే వాయించాను."

"కాదనను మేడమ్. కానీ ముప్ఫై ఏళ్ళు... జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది. నేను ఇలాంటి బ్యాండ్లవాళ్ళని ఎంతోమందిని కలిశాను. ఎవ్వరికీ సరిగ్గా గుర్తుండదు."

ఆ స్టూడియో ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చిన్న రికార్డు పెట్టి వినిపిద్దామంటే, అదే తప్పంటున్నాడు కదా. ఇక మిగిలిన సాక్షులు ముగ్గురే. ఆర్డిస్ అన్న వైపు తిరిగింది.

"చెప్పు. నువ్వే నామీద అరిచేవాడివి, నిద్రపోతున్నావా అని. చెప్పు ఈయనకి."

నార్బర్ట్ తన లేత గొంతు ఇంకోసారి విన్నట్టు రికార్డు వైపు చూశాడు. "ఏమోనే. అప్పుడు కుర్రాళ్ళం కదా. ఈయన చెప్పిందీ నిజమేనేమో."

ఆర్డిస్‌కు గ్లెన్ మీద వచ్చిన కోపం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పరాయివాడికి తెలీదు, పోనీ అనుకోవచ్చు. పక్కన నిలబడి పాడినవాడు, లేత గొంతు కోసం చెల్లెల్ని అమ్మేశాడు. ఆ రోజు అన్న ఇంట్లో భోంచేయకుండానే వచ్చేసింది.

గ్లెన్ మాత్రం వదల్లేదు. ఆ సంకలనం జపాన్‌లో, స్పెయిన్‌లో కూడా అమ్ముడవుతోంది. రెండో ముద్రణ వేస్తున్నాడు. దానికి ముందు, ఊరంతా పొంచ్కీలనే జామ్ బూరెలు తినే పొంచ్కీల మంగళవారం నాడు బౌలింగ్ హాలు పక్కనున్న బార్లో మడ్ లాంటర్న్స్ మళ్ళీ వాయించాలని అతని కోరిక. ఆర్డిస్ ఒక్కటే షరతు పెట్టింది.

"వాయిస్తాను. కానీ కొత్త ముద్రణలో పాట నా వేగంలో ఉండాలి."

గ్లెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే మేడమ్. అందరి ముందూ మీ వేగంలోనే వాయించండి. జనం ముందు పాట ఆ వేగంలో నిలబడితే, మీ మాటే నిజమని ఒప్పుకుంటాను. చిన్న రికార్డులో ఉన్నది ఉన్నట్టే వేస్తాను, అట్ట వెనక నా తప్పని కూడా రాస్తాను."

న్యాయమైన మాటే. తను వాయించిన పాటకు పరీక్ష రాయాల్సి రావడం కడుపు మండే సంగతే అయినా, ఆర్డిస్ ఒప్పుకుంది.

ఇక సాధన. నేలమాళిగలోంచి డ్రమ్ములు గరాజుకు చేరాయి. నార్బర్ట్, చెట్ ముప్ఫై ఏళ్ళ నాటి పాటను ఎప్పుడో మర్చిపోయారు. మళ్ళీ నేర్చుకుందామని ఏం చేశారయ్యా అంటే, గ్లెన్ సంకలనం పెట్టుకుని నేర్చుకున్నారు. తాము చేసిన పాటకు తామే నకళ్ళయ్యారు. ఆర్డిస్ పట్టి ఆపుతుంటే ఇద్దరూ గొలుసు తెంపుకున్న కుక్కల్లా ముందుకు లాగేవారు.

"ఆగండ్రా! నేనిక్కడున్నాను, వెనక!"

"నువ్వే రావే ముందుకి" అనేవాడు నార్బర్ట్.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అయినా వారాల తరబడి తిట్టి, బతిమాలి, ఒకసారి కర్ర విసిరి, మొత్తానికి వాళ్ళని దారికి తెచ్చింది. చివరి ఆదివారం పాట సరిగ్గా వచ్చింది. మొదటి దెబ్బ, ఆ రవ్వంత ఆలస్యం, తర్వాత పాట బరువుగా అడుగులేస్తూ వచ్చింది. నార్బర్ట్ కూడా పాడడం ఆపి, "ఒసే, ఇది ఇలాగే ఉండేది కదే" అన్నాడు. ఆ మాట కోసమే ఆర్డిస్ అన్ని వారాలు అరిచింది. కళ్ళు తుడుచుకుని, "ఇంకోసారి" అంది.

పొంచ్కీల మంగళవారం ఊరంతా తెల్లారకముందే బేకరీల ముందు వరస కడుతుంది. మర్నాటి నుంచి ఉపవాసాలు కాబట్టి ఉన్న నూనె, పంచదార ఈ రోజే కడుపులో పడాలి. మధ్యాహ్నానికి బార్లో ఇసకేస్తే రాలనంత జనం. అందరి చేతుల్లోనూ బీరు, మీసాలకు జామ్. సగం మంది పేటవాళ్ళు, సగం మంది గ్లెన్ లాంటి కళ్ళద్దాలవాళ్ళు. ఆ రెండో రకం వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. 'మా వీధికి రాకు' వాళ్ళకి నోటికొచ్చు, గ్లెన్ వేగంలో. గ్లెన్ వేదిక పక్కనే టేపు మిషను పెట్టుకుని కూర్చున్నాడు.

ఆర్డిస్ నెమ్మదిగా నాలుగు కొట్టింది. పాట మొదలైంది. మొదటి చరణం సగానికి వచ్చేసరికి జనం కూడా పాడడం మొదలెట్టారు, వాళ్ళకొచ్చిన జోరులో. నార్బర్ట్ ఇంకా మొదటి పాదంలో ఉండగా జనం రెండో పాదం ముగించేశారు. చప్పట్లు ముందు పరిగెడుతున్నాయి, డ్రమ్ములు వెనక నడుస్తున్నాయి. ఆర్డిస్ పట్టు వదల్లేదు. పళ్ళు బిగించి, ఆ దెబ్బను దాని చోటే వేసింది. చెట్ కూడా, వాడి జన్మలో మొదటిసారి, ఆమెతోనే ఉన్నాడు. పాట చెదరలేదు. మొదటి నుంచి చివరిదాకా ఆమె వేగంలోనే నడిచింది.

అయిపోయాక జనం చప్పట్లు కొట్టారు, మెత్తగా, దయగా. పెద్దవాళ్ళు మెట్లెక్కి పైకొచ్చాక పక్కనున్నవాళ్ళు కొట్టే చప్పట్లు. ముందు వరసలో ఒకడు పక్కవాడితో అంటున్నాడు: "పాపం, ముప్ఫై ఏళ్ళు కదా. చేతులు రావు."

ఇంకొకడు గట్టిగా అరిచాడు. "పర్లేదు ఆంటీ! మీరొచ్చారు, అదే చాలు!"

అంతే. తప్పన్నా ఓర్చుకునేది, బాగోలేదన్నా ఓర్చుకునేది. చేతులు రావంటే ఓర్చుకోలేకపోయింది. మంచు తుపానులో పెద్ద బస్సును మలుపు తిప్పే చేతులవి. ఆర్డిస్‌కు ఒళ్ళు తెలియలేదు. గ్లెన్ లేడు, షరతు లేదు, రెండో ముద్రణ లేదు. కర్రలెత్తి టకటకా నాలుగు కొట్టింది, ముందుకంటే రెట్టింపు జోరుగా. నార్బర్ట్ ఉలిక్కిపడి అందుకున్నాడు. 'మా వీధికి రాకు' మళ్ళీ మొదలైంది, ఈసారి గ్లెన్ సంకలనం కంటే కూడా వేగంగా. నార్బర్ట్‌కు ఊపిరందలేదు. చెట్ సగంలో వదిలేశాడు. ఆమె మాత్రం చెయ్యి దించలేదు. జనం బల్లలెక్కారు. చివరి దెబ్బకు కర్ర విరిగి గాల్లోకి లేచింది, బారు అరుపులతో దద్దరిల్లింది.

గ్లెన్ వేదిక మీదకు వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళద్దాల వెనక కళ్ళు తడిగా ఉన్నాయి.

"గుర్తొచ్చిందా మేడమ్? మీ చేతులు మర్చిపోలేదు. ఇదే అరవై ఆరు. ఇదే! కొత్త ముద్రణలోనూ ఇదే జోరు ఉంటుంది!"

"కాదు నాయనా. ఆ మొదటిదే... ఇది కోపమొచ్చి వాయించాను."

"మరి అప్పుడు మాత్రం కోపమొచ్చి కాదా వాయించింది?" అన్నాడు గ్లెన్, ఎంతో ప్రేమగా.

ఆర్డిస్ అన్న వైపు చూసింది. నార్బర్ట్ మోకాళ్ళ మీద చేతులాన్చి ఆయాసపడుతూ, చెవులదాకా నవ్వుతున్నాడు. ముప్ఫై ఏళ్ళ క్రితం కూడా ఇంత సంతోషంగా లేడు. ఇంక అతన్ని ఏమడుగుతుంది?

వేదిక ముందు జనం వరస కట్టారు, రాక్షసుడి బొమ్మ ఉన్న అట్టలు పట్టుకుని. ఇందాక చేతులు రావన్నవాడే అందరికంటే ముందున్నాడు. "సంతకం పెట్టండి, ప్లీజ్. నా జన్మలో ఇలాంటి డ్రమ్మింగ్ వినలేదు" అని పెన్ను చాచాడు. జీవితంలో ఎవరూ ఆమెను సంతకం అడగలేదు. లోపల ఎక్కడో సంతోషం కలిగింది. ఆ సంతోషం మీద ఆమెకు అన్నిటికంటే ఎక్కువ కోపమొచ్చింది. పెన్ను తీసుకుని, తన పాట కాని పాట మీద ఆర్డిస్ పావ్లాక్ అని పేరు రాసింది.