మలేరియా గోలీలు పడని నా రక్తం

ఆ పొద్దు తట్టల రాయి పెట్టుకొని లేవబోతె మోకాళ్లు గజగజ వణికినయి. ఎండ మండిపోతాంది, నాకేమో పండ్లు కటకట కొట్టుకునే చలి. అప్పుడు నేను సాగర్ డ్యాం కట్టేకాడ రాళ్లు మోసే కూలిపని చేస్తున్న. మాది మోత్కూర్ దిక్కు, గొర్లు కాసే ఇల్లు. వానలు లేక మంద తగ్గితె పనికి వచ్చిన. మా గుడిసెలల్ల సగం మంది అప్పటికే ముసుగులేసుకొని పడుకున్నరు. చలిజరం.

మలేరియా ఆఫీసు ఆయన వచ్చి వేలు పొడిచి స్లైడ్ మీద రక్తం తీసుకపోయిండు. మలేరియా అనే తేలింది. "ఇవి క్లోరోక్విన్, జరం దించుతయి. ఇవి ప్రైమాక్విన్, లోపల దాగిన పురుగును చంపుతయి. నడుమల బంద్ చేయకు" అన్నడు. నేను బంద్ చేయలే. జరం దిగింది గని, రెండు మూడు దినాలకు మూత్రం డికాషన్ లెక్క నల్లగ వచ్చింది. కండ్లు పచ్చబడ్డయి. జరమే ముదిరిందనుకొని ఇంకా మింగిన. ఆఖరికి లేచి నిలబడబోయి పడిపోయిన.

తోటి కూలోళ్లు లారీల ఏసుకొని దవాఖానకు తెచ్చిన్రు. ఇంటికి కబురు చేసిన్రు. అమ్మ, నాయిన, తమ్ముడు వచ్చేసరికి నాకు మాట పెగులుతలేదు. ఎవరో పసిరికలన్నరు, కామెర్లన్నట్టు. ఆకుపసరు పోయిద్దామని అమ్మ లేచింది. డాక్టర్ సాబ్ ఆమెను ఆపిండు. మెల్లగ మాట్లాడే మనిషి. మూత్రం సీసను వెలుగుకు పెట్టి చూసిండు.

"ఏం గోలీలు మింగినవ్?"

నేను జేబు చూపిచ్చిన. పొట్లం తీసి చూసి, "ప్రైమాక్విన్ ఇగ ముట్టొద్దు. నీ రక్తకణాలు లోపలనే పగిలిపోతున్నయి" అన్నడు.

హీమోగ్లోబిన్ మస్తు పడిపోయింది, రక్తం ఎక్కియ్యాలె అన్నరు. అమ్మ చెయ్యి చాపింది, తమ్ముడు చాపిండు. "వాళ్లది గూడ నీ అసొంటి రక్తమే కావచ్చు" అని డాక్టర్ వాళ్లను వద్దన్నడు. నాయిన బ్లడ్ గ్రూప్ కలిసింది. సూది చూసి కండ్లు మూసుకున్నడు గని చెయ్యి కదిలియ్యలే.

అయినా గండం గడవలే. మూత్రం మొత్తమే ఆగింది. "కిడ్నీలు దెబ్బతింటె నా చేతుల లేదు" అని డాక్టర్ నాయినతోని అంటుంటె విన్న. తెల్లారి కొంచెం వచ్చింది, రంగు తేలింది. అమ్మ ఆ సీస పట్టుకొని వార్డంత చూపిచ్చుకుంట తిరిగింది.

నా రక్తం పరీక్షకు హైద్రాబాద్ పంపిన్రు. జవాబు వచ్చినంక డాక్టర్ మంచం కాడికొచ్చి చెప్పిండు: "రక్తకణాలు పగలకుండ కాపాడే జి-సిక్స్-పి-డి అనే ఎంజైము నీకు తక్కువున్నది. పుట్టుకతోని వస్తది. తల్లి నుంచి కొడుకుకు."

అమ్మ మొకం వాడిపోయింది. తెచ్చుకున్న రొట్టె విప్పలే. "నా రక్తమే నా కొడుకును చంపబోయిందా సారూ?" అన్నది.

డాక్టర్ స్టూలు గుంజుకొని కూసున్నడు. "మీ తల్లిగారిల్లు ఏ ఊరమ్మా?"

"ఆత్మకూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు. ఏటా చలిజరమే. పసిపోరగాండ్లు శానమంది పోయేది. ఊరంత పడ్డప్పుడు గూడ నేను మేకలు తోలుకపోయేదాన్ని."

"గదే సంగతి. మలేరియా పురుగు రక్తకణంలనే పెరుగుతది. గీ తీరు కణంల అది బాగ పెరగదు. గందుకే గిసొంటి రక్తమున్నోళ్ల పిల్లలు ఎక్కువ మిగిలిన్రు, వాళ్లకు మళ్ల పిల్లలైన్రు. ఎన్నో తరాలు గిట్లనే నడిచింది. గట్ల మిగిలినోళ్ల బిడ్డవే నువ్వు."

"మరి గోలీ ఎందుకు పడలే?" అమ్మ అడిగింది.

"గోలీ నిన్నగాక మొన్న వచ్చింది. దాని సంగతి రక్తానికేం ఎరుక?"

నాయిన అందుకున్నడు. "గొర్లల్ల గూడ గంతే సారూ. రోగం తిరిగిపోయినంక మిగిలినయే మళ్ల మందైతయి."

"పురుగులల్ల గూడ గంతే" అన్నడు డాక్టర్. "మందుకు చావనిది మిగిలి అదే పెరుగుతది. గందుకే గోలీలు పడేటోళ్లు నడుమల ఆపొద్దు. నీ కొడుకు తీరు వేరు."

అమ్మ కండ్లు తుడుచుకొని రొట్టె మూట విప్పింది. ఇంత తుంచి నా నోట్ల పెట్టి, తనూ తిన్నది.

ఇప్పుడు నేను హాలియా దగ్గర కౌలుకు వరి చేస్తున్న. కాలువ నీళ్లొచ్చినయి, ఎనుకనే దోమలూ వచ్చినయి. మళ్లొకసారి జరం వస్తె నా సంగతి ముందుగాలనే చెప్పిన. క్లోరోక్విన్ ఒక్కదాంతోనే తగ్గింది. ఆ డాక్టర్ సాబ్‌ను, నన్ను లారీ ఎక్కిచ్చిన కూలోళ్లను తలువని దినం లేదు.

నిరుడు మా చెల్లెకు కొడుకు పుట్టిండు. ఆమెకు గూడ అమ్మ రక్తమే వచ్చి ఉంటె వానికీ నా తీరే కావచ్చు. పసిపిల్లగాని బట్టలల్ల డాంబర్ గోలీలు, కలరా ఉండలంటరే అవి, పెట్టొద్దని, వాటి వాసన గూడ గిసొంటి రక్తానికి పడదని డాక్టర్ ఎప్పుడో చెప్పి ఉండె. నేను పోయి అవి తీసేసి, బట్టల సందూక కడిగి ఎండబెట్టిన. "గింత భయమా?" అని చెల్లె అత్త నవ్వింది. నవ్వితె నవ్వనీ.

చదివేటోళ్లకు ఒక్కటే చెప్త. మందు మింగినంక మూత్రం నల్లబడితె ఇంకో గోలీ మింగకుండ్రి. అదే పూట దవాఖానకు పోయి, ఎక్కడ నొస్తాందో చెప్పేకంటె ముందు ఏం మింగిన్రో చెప్పుండ్రి.