తాలింపు లేని పప్పు, ఊదకూడని విజిల్

తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో నన్ను పిట్టల ఫొటోల క్యాంపుకు వంటమనిషిగా వేశారు. వేసినవాడు ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే సింహాచలం అన్నయ్య. గూడ్సు బళ్ళకు గార్డుగా చేసి రిటైరైన మనిషి. అంతకుముందు నేను ఒంటరి రైల్వే కుర్రాళ్ళకు మెస్ నడిపేదాన్ని. చదువు నాలుగో తరగతితో సరి. ఈ ఉద్యోగానికి చదువుతో పనిలేదు, చప్పుడు లేకుండా వండడం వస్తే చాలు.

ఈ పని సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెబుతాను. కలకత్తా నుంచి పెద్ద పెద్ద కెమెరాలతో బాబులు రైల్లో మా ఖరగ్‌పూర్ వచ్చేవారు. వాళ్ళను ఝాడ్‌గ్రామ్ దాటాక ఉండే సాల అడవికి తీసుకెళ్ళి, పిట్టలు తిరిగే చోట కూర్చోబెట్టి, మళ్ళీ క్షేమంగా రైలెక్కించడం గైడు పని. ఆ గైడు సింహాచలం అన్నయ్యే. కూర్చోబెట్టే చోటును హైడ్ అంటారు. నాలుగు కర్రలకు ఆకుపచ్చ గుడ్డ కట్టి, కెమెరా మూతులు పట్టేటంత కిటికీలు పెడతారు. అందులో పూటంతా కూర్చుని, ఒక్కసారి కూడా నొక్కకుండా లేచి వచ్చేవాళ్ళున్నారు. రీలు వృథా చెయ్యని మనుషులు కాబట్టి వాళ్ళ మీద నాకు గౌరవమే. అయితే హైడ్‌కు నా పొయ్యి దగ్గర. ఘాటుకు ఎవరైనా దగ్గితే పిట్ట పోతుందని అన్నయ్య నాకు తాలింపు నిషేధించాడు. తాలింపు లేని పప్పును మనుషుల ముందు పెట్టడం కంటే కష్టమైన పని ఆ ఉద్యోగంలో నేను చూడలేదు.

అడవిలో పెద్ద హోదా గైడుది. కలకత్తా పార్టీ పెద్ద కూడా ఆయన మాట వినాలి. ఆ పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆయనకు నౌరంగ్ పిట్ట కావాలి. ఒంటి మీద తొమ్మిది రంగులుంటాయని దానికాపేరు. వానలకు ముందు వస్తుంది, రాలిన ఆకుల మీద గెంతుతూ పురుగుల్ని ఏరుకుంటుంది. ఈసారి అది దొరికితే ఏటేటా తన స్నేహితులందరినీ తెస్తానని, దొరక్కపోతే వేరే గైడును చూసుకుంటానని డాక్టరు ముందే చెప్పేశాడు.

బయలుదేరే ముందు అన్నయ్య భార్య నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఈ పని కూడా పోతే మీ అన్నయ్య మళ్ళీ అరుగు మీద కూకుని గూడ్సు పెట్టెలు లెక్కెట్టుకుంటాడు వదినా. మొన్న నా సేత పచ్చ జెండా కుట్టించినాడు. ఎందుకండీ అంటే, ఉండనీ అన్నాడు."

నాకూ భయమే. మెస్ మూసేశాక నా పొయ్యి వెలిగేది ఈ క్యాంపుల మీదే.

హైడ్‌లో ఒక పద్ధతి ఉండేది. అన్నయ్య పెట్టిందే. అందరూ కెమెరాలు సరిచూసుకుని బొటనవేలు ఎత్తాలి. అన్ని వేళ్ళూ లేచాకే ఆయన కిటికీల మీద గుడ్డ పైకి తీస్తాడు. బండి కదిలే ముందు గార్డు అటూ ఇటూ చూసుకుంటాడే, అలాగన్నమాట. ఆయన జేబులో పాత విజిల్ కూడా ఉండేది. ఏనుగులు తిరిగే అడవి కదా, ఎవరైనా దారి తప్పితే ఊదడానికి.

ఆ ఉదయం నేను టీ క్యాను పట్టుకుని హైడ్ వెనక నిలబడ్డాను. వేళ్ళు లేచాయి. గుడ్డ లేచింది. ఎదురుగా ఆకుల మీదికి నౌరంగ్ గెంతుకుంటూ వచ్చి, ఫొటో కోసమే వచ్చినట్టు నిలబడింది. డాక్టరు ఊపిరి బిగబట్టాడు. అన్నయ్య కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, చేతి గడియారం చూశాడు. రైల్వేవాళ్ళకు అన్నం పెట్టిన దాన్ని, ఆ చూపు నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది.

పొడుగ్గా ఒక విజిల్. దాంతోపాటు భుజం మీది పచ్చ తువ్వాలు పైకి లేచి ఊగింది. అన్నీ అమిరాయి, బండి ఒక్కటే తక్కువ.

పిట్ట లేదు.

"దాదా, ఎటా కీ కొర్లేన్!" అని డాక్టరు అరిచాడు. ఇదేం పని చేశారని.

అన్నయ్య నోట్లోంచి విజిల్ తీసి, ఎవరో తెచ్చి పెట్టినట్టు దాన్ని చూశాడు. "ఏటి... అందరూ ఆల్ రైట్ ఇచ్చినారు కదండీ" అన్నాడు.

నేను నవ్వలేదు. మరిగిన టీ పారబొయ్యకూడదు కాబట్టి అందరికీ పోశాను.

మధ్యాహ్నానికి డాక్టరు సాయంత్రం రైలుకు వెళ్ళిపోతానన్నాడు. నేను చేతులు తుడుచుకుని అన్నయ్య ముందుకెళ్ళి అరచెయ్యి చాపాను.

"ఆ విజిల్ ఇటియ్యి."

"గార్డు విజిల్ ఇంకోళ్ళ సేతికివ్వడం రూలు కాదు సెల్లెమ్మా."

"రూలు బండికి. ఇక్కడ బండేది?"

"ఏనుగులొస్తేనో?"

"నేనూదుతాను. నాకు ఊపిరి లేదేటి?"

ఆయన చెట్ల వైపు చూసి ఇచ్చాడు. డాక్టరు చూస్తుండగా దాన్ని కొంగున ముడేసుకుని, రేపు ఇంకొక్కసారి కూర్చోమని నాకు వచ్చిన బెంగాలీలో చెప్పాను.

"మరి జెండా, మాషీ?" అన్నాడు డాక్టరు. మాషీ అంటే పిన్ని. తువ్వాలు కూడా తీసుకున్నాను. వేడి గిన్నెలు దింపడానికి బాగా పనికొచ్చింది.

మర్నాడు ఎండెక్కాక నౌరంగ్ వచ్చింది. అన్నయ్య చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది. అందరం చూశాం. అక్కడ ఏమీ దొరక్క, బయటికొచ్చి ఛాతీ గోక్కుంది. డాక్టరు నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. పిట్ట తన పని చూసుకుని వెళ్ళాక అన్నయ్య ఒక్కమాటే అన్నాడు: "నిన్నటికంటే లేటు."

ఆ తర్వాత డాక్టరు ఏటా స్నేహితులతో వచ్చాడు. రైలు దిగగానే పిట్టల సంగతి తర్వాత, ముందు "విజిల్ మాషీ దగ్గరుందా?" అని అడిగేవాడు. అలా హోదాలో నేను గైడు మీదికి వెళ్ళాను. జీతం మాత్రం వంటమనిషి దగ్గరే ఉంది. తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టాకే విజిల్ ఆయనకు అప్పగించేదాన్ని. ఒక్కసారి కూడా అంతకుముందు ఇవ్వలేదు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే. రిటైరైన మనిషిని ఆఫీసు ఇంటికి పంపగలదు గాని, ఆ చేతిని పంపలేదు. చేతిలో ఉన్నదాన్ని ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి అడిగి తీసుకోవాలి.

మోకాళ్ళు సహకరించక నేనూ క్యాంపులు మానేశాను. ఇంట్లో వంట ఇప్పటికీ నాదే. పప్పులో తాలింపు వెయ్యను. కోడలు రోజూ నా ముందు నిలబడి, గరిట ఇమ్మని చెయ్యి చాపుతోంది.

ఇంకా ఇవ్వలేదు.