గార్డుగారు వెయ్యని ఓటు

రాయ్‌పూర్‌లో మా తెలుగు సంఘం కార్యవర్గానికి ఏడుగురం. ఆరుగురు మగవాళ్లు, నేను. లైబ్రరీ గది నా చేతిలో ఉండేది. అందులో ఎన్ని పుస్తకాలంటే, ఒకసారి చెదపురుగులు దండెత్తి వచ్చి, మొదటి బీరువా పూర్తయ్యేసరికే ముసలివై వెనుదిరిగాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

ఊరికి ఈమెయిల్ కొత్తగా వచ్చిన రోజులవి. మా అధ్యక్షులవారికి ఉర్లాలో ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కంప్యూటర్ పెట్టించిన దగ్గర్నుంచి, ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా ఆయన మాటలు తగ్గించేశారు. ఒక ఉదయం వెళ్లేసరికి లైబ్రరీ తలుపుకు కాగితం అంటించి ఉంది. గది ఇక అధ్యక్షుల ఆఫీసు, పుస్తకాలు మేడమీది స్టోరుకు, కార్యవర్గంలో నలుగురి ఆమోదంతో తీర్మానం, కింద ఆ నలుగురి పేర్లు.

నేను లేకుండా కార్యవర్గం ఎప్పుడు కూర్చుందని ఫోన్ చేసి అడిగాను.

“కూర్చునే జరూరతే లేదక్కయ్యగారూ. ఈమెయిల్లో అడిగాను, నాతో కలిపి నలుగురు సరే అన్నారు, ఇద్దరు జవాబివ్వలేదు. బస్, పాసైపోయింది.”

నాకు రాలేదంటే, మీకు అడ్రసు లేదుగా అన్నారు.

నలుగురిలో ఒకరు తిల్దాలో ఉండే రైల్వే గార్డు. మర్నాడు పుస్తకం మార్చుకోవడానికి వచ్చి, అట్టపెట్టెల మధ్య నన్ను చూసి ఇదేమిటన్నారు. మీరు వేసిన ఓటే అన్నాను.

“నేనేసిన ఓటేటమ్మా? ఆ రోజంతా గూడ్సుబండి ఎనకాల బ్రేక్ వ్యాన్‌లో ఉన్నాను కదా.”

ఉర్లా వెళ్లి ఫ్యాక్టరీ గుమాస్తాను అడిగితే సంగతి బయటపడింది. అడ్రసు లేని ముగ్గురు మగ సభ్యులకు అధ్యక్షులవారు అక్కడే అడ్రసులు తెరిపించారు. ఆడమనిషికెందుకనుకున్నారో ఏమో, నాకు తెరిపించలేదు. ఆ మూడూ చూసేది గుమాస్తాయే. యజమాని ఉత్తరానికి జవాబు రాకపోతే బాగుండదని, మర్యాదకొద్దీ ముగ్గురి తరఫునా తనే ‘సరే’ అని కొట్టేశాడు. ఆయన మాటకు ఇంకో జవాబు ఉంటుందని పాపం అతనికి తెలీదు.

సంఘం నియమావళి తిరగేశాను. తొందరపనైతే, సమావేశం లేకుండానే తీర్మానాన్ని కాగితం మీద తిప్పవచ్చు. కానీ అది అందరికీ చేరాలి, ఎవరి జవాబు వారే రాయాలి, ఒక్కరు అడిగినా సమావేశం పెట్టాలి. ఆ ఒక్కరూ నేనేనని రాసిచ్చాను.

ఆదివారం ఏడుగురం కూర్చున్నాం. ఈమెయిల్‌తో నాకు పేచీ లేదన్నాను. పావురం కాలికి కట్టి పంపినా సరే, ఏడుగురికీ అందాలి, ఎవరి సరే వాళ్లు అనాలి. గుమాస్తా సంగతి విని అధ్యక్షులవారి ముఖం పాలిపోయింది. నిజంగానే అందరూ ఒప్పుకున్నారనుకున్నారట.

“అడిగితే సెప్పీవోళ్లం కదా బాబూ,” అన్నారు గార్డుగారు మెల్లగా. “అడక్కుండానే మా సేత సెప్పించేశారు.”

లైబ్రరీ ఉండాలనేవారు చేతులెత్తమన్నాను. ఆరు లేచాయి. అధ్యక్షులవారు చుట్టూ చూసి, కళ్లజోడు సర్దుకుని, తనదీ ఎత్తారు.

ఆ మధ్యాహ్నం పెట్టెలు వాటంతటవే మెట్లు దిగి వచ్చాయని ఇప్పటికీ చెబుతుంటాను. అవి కోతలే అనుకోండి. కానీ లైబ్రరీ తలుపు తీసేసరికి, పుస్తకాలకని అభన్‌పూర్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లతో సహా వరండా అంతా జనం. అది మాత్రం ఒట్టు, నిజం.