గుమ్మానికి కట్టిన కలబంద

మా గుమ్మానికి ఒక కలబంద తలకిందులుగా వేలాడుతూ ఉండేది. తాండూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు దిష్టి తగలకూడదని మా అత్తమ్మ తన చేత్తో కట్టింది. పక్కనే నిమ్మకాయ, మిరపకాయల దండ. మట్టీ లేదు, నీళ్లూ లేవు, అయినా ఆ మొక్క బతికింది, పైగా కొత్త ఆకులు వేసింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మా ఇంట్లో అది రాయని చట్టం.

మొన్న ఏప్రిల్‌లో మా బిడ్డ ఎండలో కాలి ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి, కబడ్డీ ఆడుతుంది. మర్నాడే వికారాబాద్‌లో జిల్లా జట్టు ఎంపిక. పొద్దున్నే సాధనకని పోయిన పిల్ల మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చింది. మా ఊళ్లో ఎండ పైనుంచే కాదు, నాపరాళ్ల మీద పడి కిందినుంచి కూడా కాలుస్తుంది. భుజాలు, మెడ వెనక ఎర్రగా కందిపోయాయి. బొబ్బలు లేవలేదు, అదొక్కటే నయం.

"అమ్మా, చెయ్యి పైకి లేస్తలేదు. రేపెట్ల ఆడాలె?"

మోకాళ్లు చెక్కుకుపోయినా ఏడవని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. మంటకు కాదు, రేపు చేజారిపోతుందేమోనని. ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసమే కాచుకుని ఉంది మరి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "టోపీ ఎటువాయె? నీళ్లన్న తాగినవా?" అని అందుకున్నాను. మంచం మీదినుంచి అత్తమ్మ కూడా ఓ చెయ్యి వేసింది. "నేను జెప్తె ఇంటరా? ఆడపిల్లకు గీ ఎండల ఆటలేందని మొత్తుకుంటనే ఉన్న." ఆవిడకు కబడ్డీ అంటే మొదటినుంచీ గిట్టదు.

తిడితే మంట తగ్గుతుందా? మర్పల్లిలో మా అమ్మ చేసే మందు గుర్తొచ్చింది. చేలో కమిలిపోయి వచ్చిన సాయంత్రం ఆమె కలబంద గుజ్జులో కీరా రసం కలిపి చల్లగా రాసుకునేది. ఆ ఆలోచన రాగానే ఒంట్లోకి హుషారొచ్చేసింది. పిల్ల భుజాల మీద తడి గుడ్డ కప్పి పక్కింటి ఖాలా దగ్గరికి పరుగెత్తాను. ఖాలా రెండు కీరాలు చేతిలో పెట్టింది గానీ, "కలబంద గీ ఎండకు మాడిపాయె బేటీ" అంది. వీధంతా అడిగాను, ఎక్కడా లేదు. ఉసూరుమంటూ తిరిగొచ్చి తల ఎత్తితే, మా గుమ్మానికే పచ్చగా ఊగుతోంది.

అత్తమ్మ కునుకు తీస్తోంది. చప్పుడు కాకుండా స్టూలెక్కి ఒక ఆకు కోశాను. దురద పెట్టే పసుపు జిగురు కారిపోయేదాకా గిన్నెలో నిలబెట్టి, చెక్కు తీసి, గుజ్జు గీకాను. అమ్మ అలవాటు ప్రకారం ముందు నా మణికట్టు మీద రాసుకున్నాను. రాసుకున్నానో లేదో భగ్గుమంది. చూస్తే వేళ్లకు మిరపగింజలు అంటుకుని ఉన్నాయి. దండలో మిరపకాయలు ఎండి చిట్లి ఆకు నిండా రాలాయి. నేను ఆకు కడగనే లేదు. ఆ గుజ్జు పిల్ల భుజాలకు రాసి ఉంటే? మొత్తం పారబోసి, చేతులు నూనెతో, ఆపైన సబ్బుతో రుద్ది కడుక్కుని మళ్లీ స్టూలెక్కాను.

ఈసారి దొరికిపోయాను.

"ఏం జేస్తున్నవే పైకెక్కి?" వెనక అత్తమ్మ.

ఆవిడ లోపలికి చూసింది. పిల్ల చెయ్యి ఎత్తి చూసుకుంటోంది. సగం దాకా లేపి, పళ్లు బిగించి, దించేస్తోంది. మళ్లీ లేపుతోంది. అత్తమ్మ కాసేపు చూసి, వచ్చి నా స్టూలు కదలకుండా పట్టుకుంది.

"ఒక్క ఆకు ఏడ సరిపోతది? మొత్తం దించు."

"దిష్టికి గట్టింది గదా అత్తమ్మా?"

"ఎవలికి దిష్టి తగలొద్దని గట్టిన? గా పోరి కొరకే గదా. దించు."

ఇక చూడండి మా సంబరం. నల్లా కింద ఆకులు తోమి తోమి కడిగింది ఆవిడ. నేను కీరా తురిమి గుడ్డలో పిండాను. కరెంటు లేదు, ఫ్రిజ్ పనికిరాదు. మంచినీళ్ల మట్టి రంజన్ కింద తడి ఇసుక ఉంటుంది కదా, గిన్నెను అందులో పూడ్చి చల్లబరిచాం. మళ్లీ నా మణికట్టు మీద రాసి చూశాం. హాయిగా ఉంది. అప్పుడు అత్తమ్మే పిల్ల వెనక కూర్చుని వేళ్ల కొసలతో రాసింది.

"సల్లగున్నదా?"

"మస్తు సల్లగున్నది నానమ్మా."

నాకు ప్రాణం లేచొచ్చింది. పడుకునేదాకా ఆరినప్పుడల్లా రాస్తూనే ఉన్నాం.

పొద్దున ఎరుపు ఇంకా ఉంది గానీ మంట తగ్గింది. పిల్ల గుమ్మంలో నిలబడి, మెల్లగా చెయ్యి పైకెత్తి, కలబంద వేలాడిన దారాన్ని అందుకుంది. నేనూ అత్తమ్మా మొహమొహాలు చూసుకున్నాం. ఈసారి పిల్ల టోపీ పెట్టుకుని, మెడకు తడి గుడ్డ చుట్టుకుని రైలెక్కింది.

సాయంత్రం ఫోన్ మోగింది. "అమ్మా, తీస్కున్నరు."

నేను అరిచిన అరుపుకు ఖాలా ఇంట్లోంచి బయటికొచ్చింది. అత్తమ్మ మాత్రం పెరట్లో తలెత్తలేదు. మిగిలిన కలబంద మొదలును పాత బకెట్లో నాటుతోంది.

"గుమ్మం బోసిగున్నది అత్తమ్మా. దిష్టికి ఇంకేం కడదాం?"

ఆవిడ చేతి మట్టి దులుపుకుంది.

"ఏం గట్టొద్దు. పోరిని గుమ్మంల నిలవెడ్త. ఎవలొస్తరో రమ్మను."