గాలికి కిరాయి కట్టిన మా అమ్మ

మా చిన్నప్పుడు... తాండూరులో మా ఇంటి వెనకే బండలు పాలిష్ పట్టే మిషన్ ఉండేది. అమ్మ తలుపుకు తడి గోనెపట్టా కట్టేది. అయినా మధ్యాహ్నానికి కుండ మూత మీద వేలితో పేరు రాయవచ్చు... అంత తెల్లటి దుమ్ము.

నాకప్పుడు పదేళ్లు. దగ్గు పట్టుకుంటే వదిలేది కాదు. పిల్లను కొన్నాళ్లు వికారాబాద్‌లో ఉంచండి, కొండగాలి తగిలితే తగ్గుతుందని డాక్టరు చెప్పారు.

నాన్న కందులు కొని అమ్మే అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆ సాయంత్రమే చీటీ మీద రెండు ఊళ్ల లెక్క వేశారు. తాండూరులో సొంత ఇల్లు, అడ్తి ధరకే పప్పు, ఇంటి బర్రె పాలు. వికారాబాద్‌లో గదికి నెలకు పన్నెండు రూపాయలు, పాలు కొనాలి, కట్టెలు కొనాలి...

"గాలి కోసం గిన్ని పైసలు పారబోస్తరా ఎవరన్న?" అన్నారు.

అమ్మ పప్పు చెరుగుతూ తల ఎత్తలేదు. "మీ లెక్కల పిల్ల మందులేవి?"

నాన్న చీటీ తిప్పి చూశారు. లేవు. డాక్టరు ఫీజు, సీసా మందు అన్నీ అమ్మ రవికలు కుట్టిన పైసల్లోంచే పోయేవి. ఆయన ఏనాడూ అడగలేదు... ఈమె ఏనాడూ చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే అమ్మా నేనూ కుట్టు మిషన్‌తో సహా రైలెక్కాం. బర్రెను నాన్నకే అప్పజెప్పింది.

ఆరు నెలలున్నాం. ప్రతి పైసా నా చేతే రాయించింది. తాండూరు కంటే నూట పద్దెనిమిది రూపాయలు ఎక్కువైంది. మందుల గడిలో మాత్రం మూడో నెల నుంచి ఏమీ లేదు.

ఇప్పుడు నా మనవరాలికి ఏడేళ్లు. అదే తాండూరు... అదే దగ్గు. నేను టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్ వస్తుంది. వికారాబాద్‌లో ఇల్లు చూశానంటే మా అబ్బాయి ఊరుకోలేదు.

"అమ్మా, సొంతిల్లు పెట్టుకొని గాడ ఆరు వేలు కిరాయి గట్టుడేంది? మంది నవ్వుతరు."

"నవ్వనియ్‌రా. నవ్వేటోళ్లకు మంచిగనే ఊపిరాడుతుంది."

లెక్క దాచను. కూరగాయలు రెండు చోట్లా ఒకటే. పప్పు తాండూరులోనే చౌక, రుచి కూడా అక్కడిదే. కిరాయి, పాలు, స్కూలు ఆటో కలిపి వికారాబాద్‌లో నెలకు తొమ్మిది వేల నాలుగు వందలు ఎక్కువ. తెలిసే కడుతున్నాను. దండగ అన్నవాళ్లు పిల్ల పక్కన ఒక్క రాత్రి పడుకుని చూడండి.

మా రోజుల్లో వికారాబాద్‌లో గది కిరాయి కడితే గాలి ఊరికే వచ్చేది. ఇప్పుడు కొండ వైపు కిటికీ ఉంటే ఐదు వందలు ఎక్కువ అడుగుతున్నారు... బేరం చేయలేదు. ఆ ఇల్లే తీసుకున్నాను.

లోకం దండగ అన్న ఖర్చు పెట్టి మీ ఇంట్లో మిమ్మల్ని నిలబెట్టింది ఎవరు? రాయండి... ఎంత అయిందో కూడా రాయండి.